కింద జారాలి, పైన జారకూడదు: అలల తఖ్తా తారీఖ్



పోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఆపా వాళ్లతో కలిసి విశాఖపట్నం పోయాం. రుషికొండ దగ్గర సమందర్ కనబడగానే పిల్లలు ఆగలేదు. మా భాంజాకి పదమూడేళ్లు. అక్కడ సర్ఫింగ్ నేర్పే అబ్బాయి దగ్గర తఖ్తా తీసుకుని గంటసేపు అలల్లో నిలబడాలని చూశాడు. లేచినప్పుడల్లా కాలు జారి పడ్డాడు. మోచేతులు గీసుకుపోయి బయటికొచ్చి నన్ను ఒక సవాల్ అడిగాడు.

"మామూ, కాలు జారకుండా తఖ్తా పైన మైనం రాశారు. మరి కింద ఎందుకు రాయలేదు? కింద కూడా జారుతోంది కదా!"

నా దగ్గర జవాబు లేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన విని నవ్వాడు. "కింద జారకపోతే అదెలా పోద్ది బాబూ? పైన జారితే నువ్వెలా ఉంటావు? మా తెప్పలూ అంతే" అన్నాడు.

రెండు ముక్కల్లో మొత్తం తేల్చేశాడు. సర్ఫ్‌బోర్డు తారీఖ్ అంతా ఈ ఒక్క తకరార్ చుట్టే తిరిగిందని ఇంటికొచ్చి చదివాక తెలిసింది. నీళ్లకు తగిలే అడుగుభాగం జారాలి, కానీ పక్కకు జారకూడదు. కాలు పెట్టే పైభాగం అసలు జారకూడదు. ఈ మూడింటినీ ఒకేసారి సాధించడానికి మనుషులు కొన్ని వందల ఏళ్లు మెహనత్ చేశారు. ఆ మెహనత్‌లో ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు పోయింది అన్నది కూడా ఈ కిస్సాలో భాగమే.

హవాయి కారీగర్ల హునర్

ఈ కళకు సొంత ఇల్లు పసిఫిక్ మహాసముద్రంలోని పాలినేసియా దీవులు. అందులోనూ ఖాస్ హవాయి. అక్కడి జబాన్‌లో దీన్ని 'హేఎ నలు' అంటారు. 1778లో కెప్టెన్ జేమ్స్ కుక్ నౌకలు హవాయి చేరాయి. మరుసటేడు కీలకెకువా అఖాతంలో కుక్ చనిపోయాక, ఆయన ప్రయాణ వృత్తాంతాన్ని పూర్తి చేసే పని లెఫ్టినెంట్ జేమ్స్ కింగ్ మీద పడింది. దీవి జనం అలల మీద తఖ్తాలతో స్వారీ చేయడం చూసి హైరాన్ అయి ఆయన వివరంగా రాసిపెట్టాడు.

ఆ తఖ్తాలు ఒకే రకం కావు. 'ఓలో' అనేది పొడవైనది, మందమైనది, పదహారు అడుగుల దాకా ఉండేది. తేలికైన విలివిలి చెక్కతో చేసేవారు. అది సర్దార్లకే. 'అలయా' పొట్టిది, పలచనిది. కోవా చెక్కతోనో, సీమపనస చెక్కతోనో చేసేవారు. అది ఆమ్ జనానికి. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు అందరూ దాని మీద అలలెక్కేవారు.

చెట్టు నరికే ముందు దాని వేళ్ల దగ్గర కుము అనే ఎర్ర చేపను నజరానాగా పెట్టేవారు. చెక్కను చెక్కాక గరుకు పగడపు రాయితో రుద్ది నున్నగా చేసేవారు. కుకుయ్ కాయల నూనె పట్టించేవారు. వాడిన ప్రతిసారీ ఆరబెట్టి, నూనె రాసి, గుడ్డలో చుట్టి ఇంట్లో దాచేవారు.

ఇక్కడ అసల్ విషయం చూడండి. ఈ తఖ్తాలకు కింద రెక్క లేదు. ఇప్పటి సర్ఫ్‌బోర్డును తిరగేస్తే చేప రెక్కల్లాంటివి కనిపిస్తాయి. అవి లేకుండా తఖ్తా అల వాలు మీద పక్కకు జారిపోకుండా ఎలా నిలిచింది? అలయా పలచగా ఉండటమే జవాబు. మనిషి ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క అంచు కత్తిలా నీళ్లలోకి దిగి పట్టుకునేది. పలచగా ఉన్నందువల్ల వేగంగా పోయేది, అంచు ఉన్నందువల్ల నిలిచేది. ఓలో మందం కాబట్టి దాని అంచు అంతగా దిగదు. అది నెమ్మదిగా లేచే పొడవైన అలలకు, తిన్నగా దూరం పోవడానికి పనికొచ్చేది. ఏ అలకు ఏ తఖ్తా అన్న తజుర్బా ఆ కారీగర్ల చేతుల్లో ఉంది. కితాబుల్లో లేదు.

చేతులు పోతే ఇల్మ్ పోయింది

కితాబుల్లో లేని ఇల్మ్ మనుషులతోపాటే పోతుంది. హవాయిలో అదే జరిగింది. బయటి నౌకలతోపాటు ఆ దీవులకు తెలియని జబ్బులు వచ్చాయి. లక్షల్లో ఉన్న హవాయి జనం 1890 నాటికి సుమారు 40 వేలకు పడిపోయారు. 1819లో పాత మతాచారాల కట్టుబాట్లు రద్దయ్యాయి. పనులాపి ఆటలాడుకునే మకహికి పండుగ నెలలూ వాటితో వెళ్లిపోయాయి. 1820లో అమెరికా నుంచి వచ్చిన పాదరీలకు ఈ ఆటల మీద మంచి నజర్ లేదు. జనం చెరుకు తోటల కూలీలయ్యారు. 1893లో రాణి లిలియువొకలానీని గద్దె దింపారు. 1898లో దీవులను అమెరికా కలిపేసుకుంది.

ఇంతలో ఓలో తఖ్తాలు చేసేవాళ్లు కరువయ్యారు. అలయా మాత్రం అక్కడక్కడా మిగిలింది. ఆ కొద్దిమంది వల్లే సర్ఫింగ్ ఖతమ్ కాలేదు. 1885లో కాలిఫోర్నియాలో చదువుకుంటున్న ముగ్గురు హవాయి షెహజాదాలు సాంటా క్రూజ్ తీరంలో రెడ్‌వుడ్ చెక్కతో తఖ్తాలు చేయించుకుని అలలెక్కారు. అమెరికా ప్రధాన భూభాగం మీద సర్ఫింగ్ జరిగినట్టు తారీఖ్‌లో దొరికే మొదటి దాఖలా అదే.

ఆ తర్వాతి తరంలో డ్యూక్ కహనమోకు వచ్చాడు. ఈత కొలనులో ఆయన బాద్షా. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచాడు. 1914 డిసెంబరులో ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్ తీరంలో షుగర్ పైన్ చెక్కతో తానే ఒక తఖ్తా చెక్కుకుని అలల మీద నిలబడి చూపించాడు. ఇసాబెల్ లెథమ్ అనే పదిహేనేళ్ల అమ్మాయిని తనతోపాటు తఖ్తా మీద నిలబెట్టాడు. ఆ తఖ్తాను ఆ ఊరివాళ్లు ఇప్పటికీ ఇజ్జత్‌గా దాచుకున్నారు. దానికీ కింద రెక్క లేదు.

మ్యూజియంలో దొరికిన జవాబు

1920ల్లో విస్కాన్సిన్ నుంచి టామ్ బ్లేక్ అనే నౌజవాన్ హవాయి వచ్చాడు. హొనొలులులోని బిషప్ మ్యూజియంలో పాత తఖ్తాలు చూశాడు. పాకీ అనే సర్దార్ వాడిన పెద్ద ఓలోలు అవి. పాకీ కూతురు బెర్నీస్ పవాహీ యాదిలో 1889లో ఆమె భర్త కట్టించిన మ్యూజియం అది. అంటే తండ్రి తఖ్తాలు కూతురి పేరున్న ఇంట్లో పడి ఉన్నాయి. వాటిని ఎలా చేశారో, ఎలా నడిపారో చెప్పే ఉస్తాద్ మాత్రం లేడు.

బ్లేక్ వాటిని బాగుచేశాడు. నకలు చేయబోయాడు. అప్పట్లో గట్టి చెక్క తఖ్తా 45 కిలోల దాకా తూగేది. బరువు తగ్గించడానికి ఆయన చెక్కలో బోలెడు రంధ్రాలు తొలిచి, పైన పలచని చెక్క అతికించి మూసేశాడు. తర్వాత పడవలా లోపల అస్థిపంజరం, పైన తొడుగు ఉండే బోలు తఖ్తా చేసి పేటెంట్ తీసుకున్నాడు. బరువు బాగా తగ్గింది. ఈదలేనివాడు కూడా మోసుకెళ్లగలిగాడు.

కానీ ఒక కొత్త ముసీబత్ వచ్చింది. బోలు తఖ్తా వెడల్పుగా, అంచులు మందంగా ఉండేది. నిటారు అల మీద తోక పక్కకు జారిపోయేది. అలయాలో అంచు చేసిన పని ఇక్కడ ఎవరూ చేయడం లేదు. అప్పటిదాకా సర్ఫర్లు ఒక కాలు నీళ్లలో ఈడ్చి చుక్కానిలా వాడేవారు. 1935లో బ్లేక్ ఒక పాత స్పీడ్‌బోటు కీలు తీసి తన తఖ్తా అడుగున బిగించాడు. తోక జారడం ఆగింది. కాలు ఈడ్వాల్సిన పని తప్పింది. కాలు పైకొచ్చాక, పైన కాలు నిలవడం ఎలా అన్న సవాల్ ముందుకొచ్చింది.

వార్నిష్ పూసిన చెక్క తడిస్తే అద్దంలా జారుతుంది. కొందరు వార్నిష్‌లో ఇసుక చల్లుకునేవారు. అది కాలు పట్టుకునేది, కానీ పొట్ట, మోకాళ్ల చర్మం లేచిపోయేది. దీనికి హల్ కూడా 1935లోనే దొరికిందని సర్ఫర్లు చెప్పుకుంటారు. కాలిఫోర్నియాలోని పాలోస్ వెర్డిస్‌లో ఆల్ఫ్రెడ్ గాలంట్ అనే కుర్రాడు, అమ్మీ నేలకు రాసిన మైనం కాళ్లకు అంటుకోవడం గమనించి అదే తఖ్తా మీద పూశాడట. తర్వాత కొవ్వొత్తుల పారఫిన్ మైనం వాడుకలోకి వచ్చింది. ఈ కిస్సా సహీ అయితే, అడుగున రెక్క, పైన మైనం రెండూ ఒకే ఏడు వచ్చాయి.

మైనం ఎలా పనిచేస్తుందో కూడా చెప్పుకోవాలి. నున్నగా పూస్తే లాభం లేదు. గుండ్రంగా రుద్దుతూ పోతే చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. కాలు ఆ బుడిపెల మీద ఆనుతుంది, నీరు వాటి మధ్య నుంచి పక్కకు పోతుంది. చల్లని నీటికి మెత్తని మైనం కావాలి, వెచ్చని నీటికి గట్టిది కావాలి. మన తీరంలాంటి వేడి చోట చల్లని దేశాల మెత్తని మైనం పూస్తే అది కరిగి కాలికి సబ్బులా మారుతుంది.

గొడ్డలి దెబ్బ

రెక్క వచ్చిన సంగతి అందరికీ వెంటనే చేరలేదు. 1937లో హొనొలులులో జాన్ కెల్లీ, వాలీ ఫ్రాయ్‌సెత్, ఫ్రాన్ హీత్ అనే కుర్రాళ్లు పెద్ద అలల్లో మళ్లీ మళ్లీ తోక జారి పడుతున్నారు. విసిగిపోయి ఒక రోజు గొడ్డలి తీసుకుని తఖ్తా తోకను రెండు పక్కలా నరికి సన్నగా చేశారు. అడుగును వి ఆకారంలో గుండ్రంగా చెక్కారు. రెక్క లేకుండానే అది నిటారు అలలో పట్టుకుని నిలిచింది. దానికి 'హాట్ కర్ల్' అని పేరు పడింది.

ఎందుకు నిలిచింది? ఇంట్లోనే చూడొచ్చు. వంటింట్లో నల్లా కొద్దిగా తిప్పి, సన్నని ధార కింద చెంచా వీపును మెల్లగా తగిలించండి. ధార చెంచాను దూరం నెట్టదు, తన వైపు లాక్కుంటుంది. వంపు మీద నీరు అంటుకుని ప్రవహిస్తుంది కాబట్టి చెంచా లోపలికి పోతుంది. తఖ్తా అడుగు, అంచు గుండ్రంగా ఉన్నా అంతే. నీరు వంపును పట్టుకుంటుంది, తఖ్తా అలకు అతుక్కుంటుంది. కానీ అతుక్కున్నది వేగంగా పోలేదు. పట్టు కావాలంటే వేగం కొంత వదులుకోవాలి.

సిమ్మన్స్ లెక్కలు

వేగం కావాలన్న పిచ్చి షౌక్ బాబ్ సిమ్మన్స్‌ది. ఆయన కాలిఫోర్నియావాడు, గణితం తెలిసినవాడు, కాల్‌టెక్‌లో చదివాడు. సైకిల్ ప్రమాదంలో ఒక చేయి దెబ్బతింది. ఆ చేత్తో బరువైన తఖ్తా మోయడం, ఈదడం కష్టం. అందుకే ఆయనకు తేలికైనది కావాలి. రెండో ప్రపంచ యుద్ధం విమానాల కోసం తెచ్చిన ఫైబర్‌గ్లాస్, రెసిన్ అప్పుడే బయట దొరకసాగాయి. వాటిని బాల్సా చెక్క మీద, తర్వాత ఫోమ్ మీద వాడిన తొలి వాళ్లలో ఆయన ఒకడు.

అంతకంటే పెద్ద పని అడుగుభాగం మీద చేశాడు. 1946లో లిండ్సే లార్డ్ వేగపు పడవల అడుగుల మీద ఒక కితాబ్ రాశాడు. సిమ్మన్స్ దాన్ని దిమాగ్ పెట్టి చదివాడు. సంగతి ఇది. నెమ్మదిగా పోయే పడవ నీటిని పక్కకు నెట్టుకుంటూ పోతుంది. వేగం ఒక హద్దు దాటితే, అడుగు చదునుగా ఉంటే, అది నీటి పైకి లేచి దాని మీద పాకుతుంది. చెరువులో చిల్లపెంకు విసిరి కప్పగంతులు వేయించిన వాళ్లందరికీ ఇది తెలుసు. చదును పెంకు గంతులేస్తుంది, గుండ్రాయి మునుగుతుంది.

సిమ్మన్స్ తన తఖ్తాలను వెడల్పుగా, చదునుగా చేశాడు. ముందు భాగం అలలో గుచ్చుకోకుండా చెంచాలా పైకి లేపాడు. వెనక అంచు పదునుగా ఉంచాడు. పదునైన అంచు దగ్గర నీరు వంపు తిరగలేదు, తెగి వదిలేస్తుంది. వదిలేస్తే వేగం. మరి పక్క జారుడు? దానికి వెనక రెండు చిన్న రెక్కలు, రెండు మూలల దగ్గర ఒక్కొక్కటి పెట్టాడు. 1954లో విండాన్‌సీ అలల్లో సర్ఫ్ చేస్తూ ఆయన చనిపోయాడు. వయసు 35. ఆయన లెక్కల మీద ఇంకా తఖ్తాలు చేస్తూనే ఉన్నారు.

అడుగు మారితే పైభాగం మారింది

1950ల చివర్లో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలియురేథేన్ ఫోమ్‌తో తఖ్తాలు చేయడం మొదలుపెట్టారు. బాల్సా చెక్క కోసం వెతకడం తప్పింది. ఫోమ్‌ను ఎలా కావాలంటే అలా గీకి ఆకారం ఇవ్వొచ్చు. అడుగును కొంచెం లోపలికి గుంటగా చేస్తే నీరు అందులోంచి దారి పట్టి వెనక్కి పోతుంది, తఖ్తా పైకి లేస్తుంది. తోక దగ్గర వి ఆకారం ఇస్తే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరగడం సులువు. ముందు వెనక పైకి ఎక్కువ వంచితే చిన్న చోట తిరగొచ్చు, కానీ తిన్నగా పోయేటప్పుడు వేగం తగ్గుతుంది.

1960ల చివర్లో తఖ్తాలు కొద్ది ఏళ్లలోనే తొమ్మిది పది అడుగుల నుంచి ఏడడుగులకు, అంతకంటే తక్కువకు కుదించుకుపోయాయి. దీంతో కాలి సంగతీ మారింది. పొడుగు తఖ్తా మీద మనిషి ముందుకూ వెనక్కీ నడిచేవాడు. కాబట్టి పొడవునా మైనం కావాలి. పొట్టి తఖ్తా మీద నడవడానికి చోటు లేదు. వెనక కాలు రెక్కల మీదే ఉండాలి. అక్కడ తొక్కితేనే మలుపు. ఆ కాలు ఒక్క అంగుళం జారినా ఆ తాఖత్ అంచుకు చేరదు. అడుగును ఎంత బాగా చెక్కినా బేకార్.

ఈ అవసరం నుంచే తోక మీద అతికించే రబ్బరులాంటి మెత్తలు వచ్చాయి. 1970ల్లో హర్బీ ఫ్లెచర్ ఆస్ట్రోడెక్ పేరుతో వీటిని తెచ్చాడు. మొదట్లో నవ్వినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు పోటీల్లో వెనక కాలి కింద మెత్త లేని తఖ్తా అరుదు. మెత్త మీద గీతలు నీటిని దారి మళ్లిస్తాయి. మధ్యలో చిన్న ఎత్తు అరికాలి వంపులోకి సరిపోతుంది. చివర నిలువుగా లేచిన అంచు కాలును వెనక్కి జారనివ్వదు. కాలు చూడకుండానే తన జాగా తెలుసుకుంటుంది.

రెక్కల లెక్క కూడా తేలింది. ఆస్ట్రేలియాలో మార్క్ రిచర్డ్స్ రెండు రెక్కల తఖ్తాతో 1979 నుంచి 1982 దాకా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. కానీ భారీ మనిషైన సైమన్ ఆండర్సన్ కింద అదే తఖ్తా పెద్ద అలల్లో జారిపోయేది. 1980లో ఆయన మధ్యలో మూడో రెక్క పెట్టాడు. 1981లో బెల్స్ బీచ్‌లో పెద్ద అలలు లేచిన రోజు దాని మీదే గెలిచాడు. దానికి 'థ్రస్టర్' అని పేరు. ఈ రోజు దాకా అదే చలామణిలో ఉంది. ఆండర్సన్ దానికి పేటెంట్ తీసుకోలేదు. ప్రపంచంలో ఏ కారీగర్ అయినా ఫ్రీగా చేసుకోవచ్చు.

తిరిగొచ్చిన అలయా

ఇంత తారీఖ్ తర్వాత కథ మొదటికొచ్చింది. 2000ల్లో ఆస్ట్రేలియాలో ఉండే టామ్ వెగెనర్ బిషప్ మ్యూజియంలోని అలయాలను చూసి, తేలికైన పౌలోనియా చెక్కతో అలాంటివి చేశాడు. రెక్క లేదు, ఫోమ్ లేదు, పలచని చెక్క పలక మాత్రమే. మొదట నిలబడటమే కష్టమైంది. నిలబడ్డాక వేగం చూసి సర్ఫర్లు హైరాన్ అయ్యారు. పలచన, చదును, అంచు అనే మూడు సంగతులు పాత హవాయి కారీగర్లకు ముందే తెలుసు. వాళ్లను అడిగేవాళ్లు లేక, అడిగే సమయానికి వాళ్లే లేక, మిగిలినవాళ్లు గొడ్డలితో, గణితంతో, ప్రమాదాలతో మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. బ్లేక్ పేరు పేటెంట్ కాగితం మీద ఉంది. ఆయన చూసి నేర్చుకున్న ఓలో చెక్కిన మనిషి పేరు ఎక్కడా లేదు.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ మొదటిసారి చేరింది. డ్యూక్ కహనమోకు ఎప్పుడో కోరుకున్నది అది. ఆడవాళ్లలో మొదటి బంగారు పతకం హవాయి మూలాలున్న కరిస్సా మూర్ గెలిచింది.

ఇదంతా భాంజాకి ఫోన్‌లో చెప్పాను. ఓపికగా విన్నాడు. "అంటే మామూ, తప్పు మైనానిది కాదు, నా కాలు పెట్టిన జాగాది" అన్నాడు. సహీ అన్నాను. తర్వాత ఇంకో మాట అడిగాడు. "ఆ తాత తెప్ప ఎలా కడతారో ఎవరైనా రాసిపెట్టారా?"

మనం చూసినప్పుడు ఆ ఒడ్డు మీద ఎక్కువగా ఫైబర్ పడవలే ఉన్నాయి. దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్లతో కట్టి, ఏ దుంగ మధ్యలో, ఏ దుంగ పక్కన అని ఎంచి, గరుకు చెక్క మీద వట్టి కాళ్లతో అలలు దాటే హునర్ ఆ పెద్దాయన చేతుల్లో ఉంది. ఈసారి సెలవులకు పోయినప్పుడు వాడు తఖ్తాతోపాటు ఒక నోటు పుస్తకం కూడా తీసుకెళ్తానన్నాడు. పోవాలి. ఆయన ఉన్నప్పుడే పోవాలి.